పదిహేనో నంబరు

"ఒక్క చెంచా. ఒక్కటంటే ఒక్కటి," అంది సీతాదేవి.

జగన్మోహనరావు నోరు తెరవలేదు. పక్షవాతం మూతిని ఒక పక్కకి లాగేసినా, మిగిలిన పక్కని ఆయన పళ్ళతో బిగించి పట్టుకున్నాడు. జావ గడ్డం మీదుగా కారి, మెడకి చుట్టిన తువ్వాలు మీద పడింది.

నిన్న పొద్దుటి నుంచీ ఇదే వరస.

మంచానికి ఎదురుగా గోడకి బిగించిన టాబ్ నల్లగా ఉంది. రోజూ అందులో బర్ దుబాయ్‌లోని వాళ్ళ మ్యాచింగ్ సెంటర్ కనిపిస్తుంది. కౌంటరు, రంగురంగుల జాకెట్టు ముక్కల అరలు, ఆయన కుర్చీ. ఇప్పుడు ఆ నల్లటి అద్దంలో అల్ కుసైస్ ఫ్లాటు కిటికీ, ఎదుటి బిల్డింగు ఏసీ పెట్టెలు మాత్రం కనిపిస్తున్నాయి.

"కొట్టు కనబడకపోతే ముద్ద దిగదా? నేను కనబడుతున్నాను కదండీ ఎదురుగా. నేను చాలనా?"

ఆయన కళ్ళు టాబ్ మీద నుంచి కదల్లేదు.

గుమ్మంలో నిలబడ్డ అలేఖ్య ఆయన్నే చూస్తోంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మనిషే తనని కొట్టంతా తిప్పి, "చిలకాకుపచ్చ వేరు, మామిడాకు పచ్చ వేరు, ఈ రెండూ కలిపేస్తే మన ఇంటి కోడలివి కావమ్మా" అని నవ్వించాడు. అప్పటి నుంచి రోడ్డు మీద ఏ చీర కనబడినా ఆమె మనసులో దాని పచ్చకి పేరు పెట్టుకునేది.

"ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు కొట్లో పాత రౌటర్ తీసేసి కొత్తది పెట్టారు," అన్నాడు కౌశిక్ హాల్లోంచి. అన్నది అలేఖ్యతో. "పాతదాంట్లో మనం పెట్టుకున్న నంబర్లు కొత్తదాంట్లో ఉండవు. బిల్లింగ్ మిషన్ ప్రింటర్ని వెతుక్కుంటోంది, కెమెరా ఎక్కడుందో ఎవరికీ తెలీదు. నేను వెళ్ళి ఒక గంట కూర్చుంటే..."

"అలేఖ్యా, ఆ అబ్బాయికి చెప్పు," అంది సీతాదేవి, కన్నకొడుకు పది అడుగుల దూరంలో ఉండగా. "ఆ పెట్టె మీద చెయ్యి వెయ్యద్దని. ఒకసారి వేసింది చాలు."

"అమ్మకి చెప్పు, రౌటర్ మార్చిన కుర్రాడు ఖలాస్ అనేసి వెళ్ళిపోయాడని. ఇంకెవరూ రారని."

"రాకపోతే మానె. కొట్టు మూసుకుంటాం."

ఇద్దరి మధ్యా నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేర్చడం అలేఖ్యకి అలవాటైపోయింది. తను కూడా ఒక రౌటర్ లాంటిదేనని ఒకసారి కౌశిక్‌తో జోకు వేసింది. అతను నవ్వలేదు.

"నేను చేస్తానండి, అత్తయ్యగారూ," అంది మెల్లగా. "కాలేజీలో ల్యాబ్‌లో చేసిందే."

సీతాదేవి చెంచా గిన్నెలో పెట్టి కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. భర్త పడిపోయిన వారంలో ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేసి, కొత్త కోడలి అడుగు గురించి గుచ్చి గుచ్చి అడిగితే, ఫోన్ స్పీకర్‌లో పెట్టి అలేఖ్య వినేలా జవాబు చెప్పిందావిడ. "దాని నంబరు ఆరు. ఆయన నంబరూ ఆరే. అది వచ్చింది కాబట్టే మనిషి దక్కాడు. ఇంకోసారి ఆ మాటంటే నాకు ఫోన్ చెయ్యకండి." ఆ రోజు బాత్‌రూంలో కుళాయి తిప్పి అలేఖ్య హాయిగా ఏడ్చింది.

అంకెలంటే సీతాదేవికి అంత గురి. కొట్టు బోర్డు మీద ఇంగ్లీషు పేరులో ఒక 'ఏ' ఎక్కువుంటుంది. కారు నంబరు, ఫ్లాటు నంబరు, చివరికి చీరల మీద ధర కూడా ఆవిడ వేళ్ళ మీద కూడితేనే ఖాయం.

"నువ్వు చెయ్యమ్మా. వాణ్ణి పక్కన కూర్చోమను, ముట్టుకోవద్దను. కెమెరా నంబరు మాత్రం పదిహేను. మరిచిపోకు, ఆయన పుట్టిన తేదీ."

"అలాగేనండి."

హాల్లో కౌశిక్ బూట్లకి లేసులు కట్టుకుంటున్నాడు. అతని వేళ్ళు ఆగిపోవడం అలేఖ్య చూసింది.

*

మెట్రోలో ఇద్దరికీ సీటు దొరికింది. ఇంట్లో భర్తతో 'మీరు', రైలెక్కగానే 'నువ్వు'. ఆ మార్పు అలేఖ్యకి ఇంకా కొత్తగానే ఉంది. మామూలుగా అయితే స్టేషన్ స్టేషన్‌కీ కౌశిక్ చెవిలో ఏదో ఒకటి చెబుతూ వెళ్ళేది. ఈ రోజు అతని మోచేతి కింద చెయ్యి దూర్చి ఊరుకుంది.

"అబుదాబి ఉద్యోగం వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు," అన్నాడు.

"ఏమన్నావు?"

"ఈ వారంలో చెబుతానన్నాను. వెళ్ళిపోతే అమ్మకి నా మొహం చూసే బాధ ఉండదు. కొట్టు షావలి చూసుకుంటాడు."

"మావయ్యగారిని ఎవరు లేపి కూర్చోబెడతారు?"

అతను కిటికీ వైపు తిరిగాడు. రైలు నేల కిందికి దిగింది. కిటికీలో ఇద్దరి ముఖాలే మిగిలాయి.

వాళ్ళు చేరేసరికి మధ్యాహ్నం విరామం. బర్ దుబాయ్ బట్టల కొట్లన్నీ షట్టర్లు దింపుకుని కునుకు తీస్తున్నాయి. షావలి సగం షట్టరు ఎత్తి, లోపల లైటు వేసి, కాగితపు కప్పుల్లో కరక్ చాయ్ పెట్టాడు. రాయచోటి నుంచి వచ్చి ఈ కొట్లోనే మీసాలు నెరిసినవాడు. పక్షవాతం వచ్చిన రోజు విరామం అయ్యాక షట్టరు ఎత్తి, కుర్చీ పక్కన పడి ఉన్న పెద్దాయన్ని చూసింది అతనే. ఆ కుర్చీని ఎవరూ జరపలేదు. అతనూ ఆ వైపు తిరగడు.

"చాయ్ తాగు భాభీ, చల్లారిపోతాది. ఆ డబ్బాకి రొండు దినాల నుంచి దండం పెడతాండా, పలకలా."

యాలకుల వాసనకి అలేఖ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇంత దుఃఖంలోనూ చాయ్ ఇంత బాగుండటం తప్పేమో అనిపించింది. గబగబా తాగేసి ల్యాప్‌టాప్ తెరిచింది. కౌశిక్ స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి ముట్టుకోవద్దంది కదా.

"ఏందది భాభీ, నంబర్లు నంబర్లంటారు?" షావలి వంగి చూశాడు.

"కొట్లో ఉన్న ప్రతి మిషన్‌కీ ఒక నంబరుండాలి, షావలి భాయ్. మీ వాట్సాప్‌కి, నా ల్యాప్‌టాప్‌కి రౌటరే ఖాళీ చూసి ఏదో ఒకటి ఇచ్చేస్తుంది. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. ప్రింటరుకీ కెమెరాకీ అలా కుదరదు. వాటికోసం మిగతావాళ్ళు వెతుక్కుంటూ వస్తారు కదా. అందుకని వాటి నంబరు ఎప్పటికీ మారకుండా మనమే రాసి పెట్టాలి."

"మా రూంలో మంచానికింతని బాడుగ కట్టే బెడ్ స్పేస్ మాదిరి."

"అచ్చం అంతే."

"పక్కా బెడ్ ఉన్నోడు డ్యూటీకి పోయినాడనుకో, వాచ్‌మన్ ఖాళీగా ఉండాదని ఇంకోనికి ఇచ్చేస్తాడు. వాడొచ్చి చూస్తే వాని పరుపు మీద ఇంకోడు గుర్రు పెడతాంటాడు. మా నూర్ మొహమ్మద్‌కి అట్లనే అయింది. తగాదా పెట్టుకోల్యా పాపం, బాల్కనీలో పండుకున్యాడు."

అలేఖ్య నవ్వింది. కౌశిక్ నవ్వలేదు. లేచి వెళ్ళి, సర్దే ఉన్న ఫాల్స్ కట్టలు మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు. షావలి అతని వీపు చూసి, నమాజుకి పోయి వస్తానని షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

బిల్లింగ్ కంప్యూటర్ అయింది. ప్రింటర్ అయింది. కార్డు మిషన్ అయింది. ఒక్కొక్కటీ పలుకుతుంటే అలేఖ్యకి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది.

"పాతదాంట్లో ఫోన్లకి ఏ నంబర్లు ఇచ్చేది?" అడిగింది.

"రెండు నుంచి రెండు వందల దాకా," అన్నాడు కౌశిక్, అరల వైపు తిరిగే.

"అంటే మన మిషన్లన్నీ రెండు వందలు దాటాక. మంచిదే. మరి కెమెరా..."

పదిహేను అని టైప్ చేస్తున్న వేలు గాలిలో ఆగిపోయింది.

రెండు నుంచి రెండు వందల దాకా వచ్చేపోయేవాళ్ళ ఫోన్లవి. పదిహేను ఆ వరసలోనే ఉంది. పక్కా బెడ్ తీసుకెళ్ళి ధర్మసత్రంలో వేసినట్టు.

"మావయ్యగారు పడిపోయింది వరలక్ష్మీ వ్రతం ముందు రోజు కదూ?" అంది నెమ్మదిగా. "కొట్టు నిండా జనం."

కౌశిక్ ఇంకో కట్ట తీసి అరలో పెట్టాడు.

జనముంటే అందరికీ వైఫై ఇవ్వడం మావయ్యగారి మర్యాద. జాకెట్టు ముక్క ఫొటో తీసి గుంటూరులో ఉన్న అక్కకో, హైదరాబాదులో ఉన్న వదినకో పంపి, 'కలిసిందా' అని అడిగితే గానీ ఆడవాళ్ళు బిల్లు వేయించరు. అందుకే పాస్‌వర్డ్ అట్ట మీద రాసి కౌంటరు మీద నిలబెట్టాడాయన. మామూలు రోజుల్లో నాలుగైదు ఫోన్లు. వ్రతం ముందు రోజు ఎన్నో.

అలేఖ్య మళ్ళీ ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. ఫోన్ల వరస వంద నుంచి మొదలయ్యేలా మార్చింది. పదిహేను ఆ వరస బయట, ఎవరూ ముట్టుకోని చోట మిగిలింది. కెమెరా రికార్డర్‌కి ఆ నంబరు రాసి, బయట నుంచి టాబ్ వచ్చి తలుపు తడితే ఇటే పంపమని రౌటర్‌కి చెప్పి, సేవ్ నొక్కింది. రౌటర్ దీపాలు ఆరి, ఒక్కొక్కటిగా పచ్చగా వెలిగాయి. కౌంటరు కింద రికార్డర్ కీచుమంది.

ఆ చప్పుడు ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"కౌశిక్, ఇటు తిరుగు."

తిరిగాడు.

"ఎవరిదో ఫోన్‌కి పదిహేను పోయింది. అదేనా?"

"అదే," అన్నాడు. "తన నంబరు ఇంకొకరి దగ్గర కనబడగానే రికార్డర్ తనంతట తను తప్పుకుంది. ఆపి మళ్ళీ వేసేదాకా పలకదు. ఆ రాత్రి ఆస్పత్రి నుంచి తాళాలు వెయ్యడానికి వచ్చినప్పుడు చూశాను. ఎవరో ఆవిడ ఫోన్. జాకెట్టు ముక్క కొనుక్కుని వెళ్ళిపోయి ఉంటుంది. ఆవిడకి ఎప్పటికీ తెలీదు."

"నువ్వు ముందే అలా పెట్టావా?"

"రెండు వందల పది పెట్టాను. సరైన చోటే. అమ్మ ఫోన్‌లో కూడి చూసింది. మూడు వచ్చింది. ఆయనకి మూడు పడదు, పదిహేను పెట్టమంది. అది ఫోన్ల వరస అమ్మా, ఎప్పుడో ఒకసారి తగాదా వస్తుంది అన్నాను. నాన్న ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని నవ్వారు. 'పెట్టెయ్‌రా, వచ్చినప్పుడు చూద్దాం. మీ అమ్మతో తగాదా కన్నానా' అన్నారు."

కుర్చీ వైపు చూడకుండా ఉండటం ఇద్దరికీ సాధ్యం కాలేదు.

"ఫోన్ల వరస జరిపితే సరిపోయేది కదా. నేనిప్పుడు చేసినట్టు."

"సరిపోయేది. చిటికెలో పని. ఖాళీ దొరికితే చేద్దామనుకున్నాను." అతని గొంతు సన్నబడింది. "ఆ రోజు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. 'కెమెరా రావట్లేదురా, నాన్న తిన్నారో లేదో' అని. నేను పోర్టులో సరుకు దగ్గరున్నాను. సాయంత్రం చూస్తాలే అన్నాను. రోజూ ఆయన టిఫిన్ డబ్బా తెరిచేదాకా చూసి గానీ అమ్మ అన్నం తినదు. ఆ రోజు కనబడి ఉంటే, ఆయన ఒరిగిపోవడం అమ్మే చూసేది. డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా. తొందరగా తెస్తే మాట దక్కేదని."

"అత్తయ్యగారికి ఎందుకు చెప్పలేదు? ఇన్నాళ్ళూ నువ్వే పాడు చేశావని అంటుంటే..."

"ఏమని చెప్పను, అలేఖ్యా? నాన్న బాగుండాలని నువ్వు పెట్టించిన నంబరే నాన్నని నీకు కనబడకుండా చేసిందనా?"

ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది.

"అమ్మ నా మీద కోపంతోనే తెల్లారి లేస్తోంది. ఆ కోపంతోనే ఆయనకి ఒళ్ళు తుడుస్తోంది, పక్క మారుస్తోంది. అది కూడా లాగేసుకుంటే ఆవిడ దగ్గర ఏముంటుంది?"

"మరి నీ దగ్గర ఏముంది? వంటింట్లో నిలబడి తింటున్నావు. మనిద్దరం ఒక్క రోజు ఎదురెదురుగా కూర్చుని తిన్నామా ఆ ఇంట్లో? ఇప్పుడు ఊరే వదిలేస్తానంటున్నావు. ఒక అబద్ధం కోసం."

"అబద్ధం కాదు. సాయంత్రం చూస్తానన్నది నేనే."

అంతవరకూ నిబ్బరంగా నిలబడ్డవాడు స్టూలు మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. పెళ్ళయ్యాక అతని ఏడుపు చూడటం ఆమెకి ఇదే మొదలు. ఆస్పత్రిలో కూడా ఏడవలేదు. అలేఖ్య అతని తల తన పొట్టకి ఆనించుకుని నిలబడింది. బయట ఎవరో షట్టరు ఎత్తుతున్న చప్పుడు.

"చెప్పనని ఒట్టెయ్యి."

"ఒట్టు అడగకు, కౌశిక్. నన్ను మాత్రం అడగకు."

*

తలుపు తీస్తూనే సీతాదేవి కోడలి చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్ళింది.

"గిన్నె చూడు. ఖాళీ. మొత్తం తాగేశారు."

టాబ్‌లో కొట్టు వెలుగుతోంది. సాయంత్రం బేరం మొదలైంది. షావలి ఎవరికో రెండు ఎరుపులు పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాడు. కుర్చీ ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. జగన్మోహనరావు దిండుకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను వంటింట్లో జావ కాస్తున్నాను. మూలుగు వినపడి పరిగెత్తుకొచ్చాను. కొట్టు వచ్చేసింది. ఆయన కళ్ళెంట ధారలు. నాకు కళ్ళజోడు లేక సరిగ్గా కనబడలేదు గానీ, ఎవరో ఇద్దరు నిలబడి ఉన్నారు. మీరేనా?"

"మేమేనండి," అంది అలేఖ్య. చూపు టాబ్ మీదికి వెళ్ళింది.

కెమెరా కౌంటరు పైనే ఉంది. రికార్డర్ కీచుమన్న దగ్గర నుంచి అంతా ఇక్కడికి వచ్చింది. దానికి మాట రాదు, బొమ్మే. కొడుకు ముఖం దాచుకుని ఏడవడం ఆయన చూశాడు. కుర్చీ వైపు చూసిన రెండు చూపులూ చూశాడు.

"పదిహేనే కదమ్మా పెట్టింది?"

"పదిహేనేనండి."

సీతాదేవి ముఖం విప్పారింది. ఎన్నాళ్ళకో. టాబ్ అంచుని కొంగుతో తుడిచి, మంచం మీద కూర్చుంది.

"నాకు ముందు నుంచీ అనుమానమే. ఆ రోజు పదిహేను ఉండి ఉండదు. మళ్ళీ ఏ రెండు వందల పదో పెట్టేసి ఉంటాడు వాడు. నా మాటంటే ఆ అబ్బాయికి ఎప్పుడూ వేళాకోళమే. ఆయన నంబరు ఆయనకుంటే ఇలా ఎందుకవుతుంది, చెప్పు? ఇదిగో, నువ్వు పెట్టావు, ఎలా పలికిందో చూడు."

అలేఖ్య నోరు తెరిచింది. అత్తగారి చేతిని చూసి ఆగింది. ఈ చెయ్యే తన కోసం ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఈ ముఖంలోకి వెలుతురు ఇప్పుడే వచ్చింది.

"అవునమ్మా," అంది వెనక నుంచి ఒక గొంతు. "మార్చేశాను."

కౌశిక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, విప్పిన బూట్లు చేతిలో పట్టుకుని.

సీతాదేవి తల తిప్పింది. ఆస్పత్రి రోజు తర్వాత మొదటిసారి, మధ్యలో ఎవరినీ పెట్టకుండా, నేరుగా కొడుకుని చూసింది.

"ఎందుకు మార్చావురా?"

అరుపు కాదు. అరిచి ఉంటే బాగుండేది.

కౌశిక్ తలవంచుకున్నాడు.

అప్పుడు మంచం ఇనుప కమ్మీ మీద చప్పుడైంది. జగన్మోహనరావు ఎడమచేతి ఉంగరం. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. ఆయన టాబ్ వైపు చూడటం లేదు. కొడుకుని చూస్తూ, దిండు మీద తలని ఇటూ అటూ తిప్పుతున్నాడు.

"ఏంటండీ? ఏది కాదంటున్నారు?" సీతాదేవి ఆ చెయ్యి అందుకోబోయింది.

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. వణుకుతూ పైకి లేచిన వేలు భార్యని దాటి, కొడుకుని దాటి, అలేఖ్య దగ్గర ఆగింది. గొంతులోంచి వచ్చిన మూలుగు మాట కాలేదు. వేలు మాత్రం దిగలేదు.

సీతాదేవి ఆ వేలినీ, దాని చివరనున్న కోడలినీ మార్చి మార్చి చూసింది. ముఖంలో ఇప్పుడే వచ్చిన వెలుతురు ఇంకా పోలేదు.

"నిన్ను చెప్పమంటున్నారమ్మా," అంది. "ఏంటది? చెప్పు."

కౌశిక్ చేతిలోని బూటు నేల మీద పడింది.